గోడలో పాము ఉందన్న పిల్లవాడు

హైదరాబాదు నల్లకుంట ప్రాంతంలోని ఒక అపార్టుమెంటు మూడో అంతస్తులో అద్దెకుంటున్న పాఠకురాలు ఒకరు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు. ఇంట్లో ఉబ్బసం ఉన్న అత్తగారు, ఏడేళ్ళ కొడుకు ఉన్నారు. భవనం కట్టి పదిహేనేళ్ళయింది, వీరి పైన ఇంకా రెండు అంతస్తులున్నాయి. రెండు పడకగదులు, రెండు బాత్రూములున్న ఆ ఇంటికి నెలకు 18,000 రూపాయల అద్దె, రెండు నెలల అడ్వాన్సు, ఏటా తిరగరాసుకునే పదకొండు నెలల అగ్రిమెంటు. దసరాకు ముందు తమ సొంత డబ్బుతో కొత్త గీజరు బిగించుకున్నామని మాటవరసకు ఒక వాక్యం రాశారు. దీపావళికి ఇల్లు సర్దుతూ బీరువా జరిపితే, పడకగదికీ బాత్రూముకూ మధ్యనున్న గోడ మీద నేల నుంచి మోకాలి ఎత్తు వరకు చెమ్మ, దాని అంచున తెల్లటి ఉప్పు పొంగు కనిపించాయి. బీరువా అడుగు అరలో ఉన్న రెండు పట్టుచీరలకు బూజు పట్టింది.

అప్పటి నుంచి ముగ్గురు ప్లంబర్లు వచ్చి వెళ్ళారు. మొదటాయన టైల్స్ సందుల్లో తెల్ల సిమెంటు నింపాడు. రెండో ఆయన తప్పంతా పై ఫ్లాటుదేనన్నాడు. ఆ మాట పట్టుకుని ఈమె పైకి వెళ్ళి, అక్కడ ఒంటరిగా ఉంటున్న పెద్దావిడతో గట్టిగా మాట్లాడారు, ఇప్పుడు ఇద్దరికీ మాటల్లేవు. మూడో ఆయన బాత్రూమంతా పగలగొట్టి కొత్తగా వేయాలని, 35,000 అవుతుందని తేల్చాడు. తమ బాత్రూము పైకప్పు పెచ్చులూడుతోందని కింది ఫ్లాటువాళ్ళు వారం వారం వచ్చి నిలదీస్తున్నారు. ట్యాంకులో నీళ్ళు తగ్గడం లేదు కాబట్టి అసలు లీకేజీయే లేదని అసోసియేషన్ ప్రెసిడెంటు అన్నారు. యజమాని బెంగళూరులో ఉంటారు; ఇక్కడి వ్యవహారం చూసే ఆయన బావమరిది, "మీరు వచ్చాకే వచ్చింది కాబట్టి లోపం మీ వాడకంలోనే ఉంది. కావాలంటే ఆ గోడకు మూడడుగుల దాకా టైల్స్ అంటిస్తాం, ఖర్చు అడ్వాన్సులో కోసుకుంటాం" అన్నారట. ఈమె తనంతట తాను బాత్రూములో పసుపు నీళ్ళు పోసి చూశారు, ఎక్కడా పచ్చ మరక తేలలేదు. సంక్రాంతికి ఎనిమిది రోజులు రాజమండ్రి వెళ్ళి వచ్చేసరికి చెమ్మ నడుము ఎత్తుకు పాకింది. ఆ గోడకే కింద ఉన్న ప్లగ్గులో ఛార్జరు పెట్టబోతే చెయ్యి జుమ్మంది. రాత్రిళ్ళు అందరూ పడుకున్నాక గోడలో బుసబుసమంటోందని, "గోడలో పాము ఉందమ్మా" అంటూ పిల్లవాడు ఆ గదిలో పడుకోవడం మానేశాడు. అద్దె ఆపేయాలా, సొంత డబ్బుతో బాగు చేయించుకోవాలా, ఖాళీ చేసి వెళ్ళిపోవాలా అన్నది ఆమె అడిగిన ప్రశ్న.

అమ్మా,

మీ మూడు ప్రశ్నల కంటే ముందు ఆ ప్లగ్గు సంగతి చూడాలి. ఉత్తరంలో దాన్ని మూడో పేజీ చివర, చీరల తరువాత రాశారు. నేనైతే మొదటి వాక్యంగా రాసేవాణ్ణి. తడిసిన గోడలో కరెంటు తీగ ఉండి చెయ్యి జుమ్మన్నదంటే, ఆ తీగ వెళ్ళే పైపులోకో ప్లగ్గు డబ్బాలోకో నీరు చేరిందని అర్థం. ఈ పూటే బోర్డులో ఆ గదికి కరెంటు ఆపే స్విచ్చిని, అంటే ఎంసీబీని, దించేయండి. ఎలక్ట్రీషియన్ వచ్చి ఆ ప్లగ్గును లైను నుంచి విడదీసేవరకు పిల్లవాణ్ణి గాని, అత్తగారిని గాని ఆ గోడ దగ్గరకు వెళ్ళనీయకండి. వచ్చినవాడి చేత మీటరు బోర్డులో కరెంటు దారి తప్పితే లైనును దానంతట అదే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో, ఉంటే దాని టెస్ట్ బటన్ నొక్కినప్పుడు పడుతోందో లేదో కూడా చూపించుకోండి. ఈ ఖర్చు ఎవరిదన్న వాదనలోకి ఇప్పుడు దిగవద్దు. రసీదు మాత్రం దాచుకోండి.

ఇక నీటి సంగతికి వద్దాం. మీ గోడ గురించి ఇంతమంది మాట్లాడారు కదా, వారందరూ తప్పు ఎవరిదన్న దానికి జవాబు చెప్పినవారే. నీరు ఎక్కడి నుంచి వస్తోందన్న దానికి ఒక్కరూ చెప్పలేదు. మీరు కూడా ఆ వరుసలోనే కలిశారని, మీరు నొచ్చుకోరనుకుంటే చెప్తాను. రెండో ప్లంబరు పైకి వేలు చూపగానే మీరు మెట్లెక్కారు. పై ఫ్లాటు నుంచి కారే నీరు ముందు మీ బాత్రూము పైకప్పునో, గోడ పైభాగాన్నో తడిపి కిందికి దిగుతుంది. మీ గోడ నేల నుంచి పైకి తడుస్తోంది, మీ బాత్రూము పైకప్పు పొడిగా ఉందని మీరే రాశారు, కింది ఫ్లాటు పైకప్పు మాత్రం పెచ్చులూడుతోంది. ఈ మూడూ కలిపి చూస్తే నీరు మీ బాత్రూము గోడ కింది భాగంలోనో, మీ నేల అడుగునో పుడుతోంది తప్ప పై అంతస్తులో పుట్టే అవకాశం చాలా తక్కువ. పెద్దావిడ దగ్గరకు మళ్ళీ వెళ్ళవలసిన పని ఒకటి ఉంది; దాని గురించి తరువాత చెప్తాను.

ఇంట్లోకి వచ్చే చెమ్మకు మూడే పుట్టుకలుంటాయి. వాననీరు ఒకటి, వాడి పారబోసిన నీరు ఒకటి, వాడకముందు పైపులో ఒత్తిడితో నిలిచి ఉన్న నీరు ఒకటి. వాననీరు వానను బట్టి వస్తుంది. మన హైదరాబాదులో దీపావళి దాటాక సంక్రాంతి వరకు చెప్పుకోదగ్గ వాన ఉండదు, పైగా మీది లోపలి గోడ, కాబట్టి దాన్ని పక్కన పెట్టవచ్చు. వాడి పారబోసిన నీరు స్నానాన్ని, బట్టలుతకడాన్ని బట్టి వస్తుంది. ఎవరూ లేని ఇంట్లో అది కొత్తగా పుట్టదు. పైపులోని నీరు అలా కాదు. టెర్రస్ మీది ట్యాంకుకూ మీ బాత్రూము నేలకూ మధ్య సుమారు పది మీటర్ల ఎత్తుంటుంది, పది మీటర్ల నీటి నిలువుకు చదరపు సెంటీమీటరుకు దాదాపు ఒక కిలో ఒత్తిడి ఉంటుంది. మీరు ఇంట్లో ఉన్నా, రాజమండ్రిలో ఉన్నా, పండగ పూట కూడా ఆ ఒత్తిడి పైపును నెడుతూనే ఉంటుంది. మీరు లేని ఎనిమిది రోజుల్లో మరక మోకాలి నుంచి నడుము దాకా ఎక్కిందన్న మీ వాక్యం అందుకే నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది. మీ వాడకమే కారణమన్న బావమరిది గారి మాటకు అది చాలావరకు జవాబు.

చాలావరకు అన్నాను గాని పూర్తిగా అనలేదు, ఎందుకంటే ఇక్కడ ఒక మెలిక ఉంది. మన అపార్టుమెంట్లలో బాత్రూము స్లాబును సాధారణంగా అడుగు వరకు కిందికి దించి వేస్తారు. ఆ గుంటలో మురుగు పైపులు, నేల మీది నీళ్ళు మురుగులోకి దిగే నహానీ ట్రాప్ అమర్చి, ఇటుక ముక్కలు, ఇసుక, మిగిలిపోయిన కాంక్రీటు నింపి, పైన టైల్స్ పరుస్తారు. మేస్త్రీలు దీన్నే సంకెన్ స్లాబ్ అంటారు. టైల్స్ సందులు విచ్చుకున్నా, ట్రాప్ చుట్టూ సిమెంటు వదిలినా నీరు ఆ గుంటలోకి దిగి, మట్టి తొట్టిలో లాగా నిలిచిపోతుంది. అలా నిండిన గుంట, ఎవరూ స్నానం చేయకపోయినా, వారాల తరబడి పక్క గోడకు, కింది పైకప్పుకు తడిని వదులుతూనే ఉంటుంది. పైగా మీరు లేనప్పుడు తలుపులూ కిటికీలూ మూసి ఉంటాయి కాబట్టి గోడ ఆరదు, తడి ఇంకాస్త పైకి పీల్చుకుంటుంది. అందువల్ల ఆ ఎనిమిది రోజుల సాక్ష్యం పైపు వైపు మొగ్గుతుందే గాని తీర్పు చెప్పదు.

తీర్పుకు దగ్గరగా వచ్చిన మాట మీ అబ్బాయిది. గుంటలో నిలిచి ఊరే నీటికి శబ్దం ఉండదు. సన్నని కంతలోంచి ఒత్తిడితో వచ్చే నీరు బుస కొడుతుంది. ముగ్గురు ప్లంబర్లు పట్టపగలు, కింద మోటారు తిరుగుతూ, వంటింట్లో మిక్సీ తిరుగుతూ ఉండగా వచ్చి చూశారు. రాత్రి పదకొండింటికి గోడకు చెవి ఆనించినవాడు ఈ పిల్లవాడొక్కడే. అయితే పై ఫ్లాటు ఫ్లష్ ట్యాంకులో ఫ్లోట్ సరిగా మూసుకోకపోయినా అలాంటి సన్నని చప్పుడే పైపులు దిగే డక్టు గుండా దిగివచ్చి గోడలో వినిపిస్తుంది. అందుకే విన్నదాన్ని పరీక్షించాలి. ఆ పరీక్షకు పైసా ఖర్చు లేదు.

మీ గీజరుకు చన్నీళ్ళు వెళ్ళే దగ్గర, గోడలోంచి వచ్చే చోట, నీళ్ళు ఆపే చిన్న తిప్పుడు కుళాయి, అంటే యాంగిల్ కాక్, ఉంటుంది. బాత్రూముకు, మీరు విడదీసిన ప్లగ్గుకు వేరు వేరు లైన్లయినా సరే, ముందు గీజరు స్విచ్చి ఆపేయండి. రాత్రి అందరూ పడుకున్నాక, కుళాయిలన్నీ గట్టిగా కట్టేసి, మీవారో మీరో గోడకు చెవి ఆనించి వినండి. స్టీలు గ్లాసు బోర్లించి, దాని అడుగుకు చెవి పెట్టి వింటే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. బుస వినిపిస్తుండగానే ఒకరు వెళ్ళి ఆ యాంగిల్ కాక్‌ను పూర్తిగా మూసేయండి. గీజరు నుంచి, వేడినీళ్ళూ చన్నీళ్ళూ కలిపే మిక్సర్ కుళాయి దాకా గోడలో నడిచే వేడినీళ్ళ పైపుకు ఒత్తిడి వచ్చేది ఈ దారిలోనే కాబట్టి, అది మూయగానే శబ్దం ఆగిందంటే లీకు వేడినీళ్ళ లైనులోనో గీజరు జాయింటులోనో ఉందన్నమాట. ఆగకపోతే మీ ఫ్లాటు మొత్తానికి నీళ్ళు ఆపే గేట్ వాల్వ్ మూసి మళ్ళీ వినండి. అప్పుడు ఆగితే చన్నీళ్ళ లైను. అప్పటికీ ఆగకపోతే ఆ శబ్దం మీ ఇంటిది కాదు. ఒక జాగ్రత్త చెప్పాలి: మన బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ, పదిహేనేళ్ళ పాత గేట్ వాల్వ్ లోపల గార కట్టి పూర్తిగా మూసుకోదు. మూశాక కుళాయి తిప్పి చూసి, ధార నిజంగా ఆగిందని తెలుసుకున్నాకే ఫలితాన్ని నమ్మండి. తుప్పుపట్టిన వాల్వును బలవంతంగా తిప్పితే పిడి విరిగి, అర్ధరాత్రి మీ చేతిలో మిగులుతుంది. బిగుసుకుపోయి ఉంటే పొద్దున్నే ప్లంబరు చేత తిప్పించండి.

ఆ కాక్‌ను ఒక వారం మూసే ఉంచి, వేడినీళ్ళు వంటింట్లో కాచుకోగలిగితే మరీ మంచిది. గోడ మీద చెమ్మ అంచు వెంబడి పెన్సిలుతో గీత గీసి, పక్కన తేదీ వేసి, రోజూ ఒకే చోట నిలబడి ఫొటో తీయండి. గోడ నెమ్మదిగా ఆరుతుంది కాబట్టి నాలుగు రోజుల్లో అద్భుతమేమీ కనిపించదు. గీత దాటి పైకి వెళ్ళడం ఆగిందా లేదా అన్నదే చూడండి.

శబ్దం తేల్చకపోతే ప్లంబరు దగ్గర చేతిపంపుతో చేసే ప్రెషర్ టెస్టు అడగండి. లైనును అన్నివైపులా మూసి, నీటిని పంపుతో ఎక్కించి, గేజి ముల్లు పడిపోతోందేమో చూస్తారు. వేడి లైను వేరుగా, చల్ల లైను వేరుగా చేయమనండి. పాత లైను కాబట్టి ఒత్తిడి మరీ ఎక్కించవద్దని ముందే చెప్పండి, లేకపోతే బాగున్న జాయింటు కూడా వదలవచ్చు. బాత్రూమంతా పగలగొట్టాలన్న మూడో ఆయన ఈ పరీక్ష చేయకుండానే 35,000 లెక్క కట్టాడు. నాడి చూడకుండా ఆపరేషన్ రాసిన వైద్యుడి దగ్గర మీరు ఎంతసేపు కూర్చుంటారో, ఆయన దగ్గరా అంతసేపే కూర్చోండి.

రెండు లైన్లూ బాగున్నాయని తేలితేనే మురుగు వైపు చూడాలి. మీకు రెండో బాత్రూము ఉంది కాబట్టి ఇది సులువు. నహానీ ట్రాప్ మూతిని ప్లాస్టిక్ సంచిలో చుట్టిన గుడ్డతో బిగించి, గడప దాటకుండా నేల మీద రెండంగుళాల నీరు నిలబెట్టి, గోడకు గుర్తు పెట్టి, ఒక రోజంతా వదిలేయండి. గాలికి ఆరేది పోగా నీటి మట్టం బాగా పడిపోతే టైల్స్ సందులే దోషులు. నిలబడితే, గుడ్డ తీసి నీటిని ఒక్కసారిగా వదిలి, కింది పైకప్పు మీద తడి పెరుగుతుందేమో చూడాలి. పెరిగితే ట్రాప్‌దో దాని కింది పైపుదో తప్పు. నీళ్ళలో రంగు కలపాలనుకుంటే మిఠాయిల్లో వాడే రంగు కలపండి. మీ పసుపు ప్రయోగం మంచి ఆలోచనే గాని, పసుపు నీటిలో కరగదు. ఇసుక, ఇటుక ముక్కలు దాన్ని మొదటి అంగుళంలోనే వడగట్టేసుకుంటాయి. పచ్చ మరక రాకపోవడం వల్ల ఏమీ తేలలేదన్నమాట. కింది ఫ్లాటువాళ్ళకు ముందుగా చెప్పకుండా ఈ పరీక్ష చేయకండి. చెప్పి చేస్తే, వారంవారం నిలదీసేవాళ్ళే ఆ రోజు మీకు సాక్షులవుతారు.

ప్రెసిడెంటు గారి ట్యాంకు వాదనకు ఒక చిన్న లెక్క సరిపోతుంది. క్షణానికి ఒక చుక్క చొప్పున కారితే రోజుకు 86,400 చుక్కలు. మిల్లీలీటరుకు ఇరవై చుక్కలనుకుంటే నాలుగు లీటర్ల పైచిలుకు, నెలకు సుమారు 130 లీటర్లు. మీటరున్న ఇంటికి జలమండలి నెలకు ఉచితంగా ఇచ్చే 20,000 లీటర్లలో అది నూటికి ఒక వంతు కూడా కాదు, రోజూ నిండే ట్యాంకులో ఎవరి కంటికీ ఆనదు. నాలుగున్నర అంగుళాల ఇటుక గోడను మాత్రం రోజుకు నాలుగు లీటర్లు నానబెట్టి పాడుచేస్తాయి.

ఇప్పుడు మీకు రుచించని సంగతి. గీజరు దసరాకు ముందు బిగించారు, చెమ్మ దీపావళికి కనిపించింది. బీరువా వెనక కాబట్టి అది కనిపించడానికి ముందే మొదలై ఉంటుంది. గీజరు తగిలించడానికి డ్రిల్లింగ్ చేసిన చోట మేకు గోడలోని పైపును తాకి ఉండవచ్చు. పాత జాయింటును పట్టకారుతో తిప్పినప్పుడు లోపల పైపు మలుపు దగ్గరి ఎల్బో ముక్క కదిలి ఉండవచ్చు. వేడినీళ్ళ వైపు వేడికి ఆగే మీగడ రంగు సీపీవీసీ పైపుకు బదులు మామూలు తెల్ల పీవీసీ ముక్క అతికించి ఉండవచ్చు. సీపీవీసీ 93 డిగ్రీల వరకు తట్టుకుంటుంది, మామూలు పీవీసీ అరవై దాటితే మెత్తబడి జాయింటు వదులుతుంది. ఇవేవీ జరగకపోవచ్చు, పదిహేనేళ్ళ పైపు తనంతట తానే పగిలి ఉండవచ్చు. కాని బావమరిది గారికి ఈ తేదీల సంగతి ఇంకా తట్టలేదు. తట్టిన రోజున మీ దగ్గర జవాబుండాలి. అందుకే గోడ తెరిచే రోజున మీరో మీవారో సెలవు పెట్టి ఎదురుగా ఉండి, పగిలిన ముక్కను ఫొటో తీసి, ఆ ముక్కనే ఒక సంచిలో దాచుకోండి. మేకు కంత గుండ్రంగా ఉంటుంది, పాతబడి పగిలిన పైపు పొడవుగా చీలుతుంది. ఏ మేస్త్రీ అయినా చూసి చెప్పగలడు.

ఖర్చు ఎవరిదన్నది దాన్ని బట్టే ఉంటుంది. ముందు మీ అగ్రిమెంటు తీసి, మరమ్మతుల గురించి ఏం రాసుకున్నారో చదవండి. చాలా కాగితాల్లో చిన్న రిపేర్లు అద్దెకున్నవారివి, పెద్దవి యజమానివి అని ఒక వాక్యం ఉంటుంది, ఏది పెద్దదో మాత్రం రాయరు. గోడలో పూడ్చిన పైపు కుళాయి వాషరు లాంటిది కాదని గట్టిగా వాదించవచ్చు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షన్, యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చాక కూడా తగిన గడువులో చేయించకపోతే, అద్దెకున్నవారు తామే చేయించి ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలో తగ్గించుకోవచ్చని చెప్తుంది. అదే సెక్షన్, అద్దెకున్నవారి చర్య వల్ల కలిగిన లోపాన్ని యజమాని నోటీసు ఇచ్చిన మూడు నెలల్లో వారే సరిచేయాలని కూడా చెప్తుంది. మొదటి సగాన్ని మీ మరిది వెతికి పంపారని రాశారు, రెండో సగాన్ని పంపలేదు. ఆయనే చెప్పిన రెంట్ కంట్రోల్ కోర్టు దారి కూడా మీకు పనికిరాదు. నగరపాలక సంస్థ పరిధిలో నెల అద్దె 3,500 రూపాయలు దాటిన ఇళ్ళకు 1960 నాటి ఆ చట్టం వర్తించదు.

అద్దె ఆపడం గురించి. కోపం రావడం న్యాయమే గాని, నోటీసు లేకుండా, ఖర్చు పెట్టకుండా ఊరికే అద్దె ఆపితే, చట్టం ఇచ్చిన ఆ వెసులుబాటు మీకు దక్కదు. పైపు సంగతి పక్కకుపోయి, అద్దె ఎగ్గొట్టినవారన్న పేరు మీద వాదన నడుస్తుంది. మీ అడ్వాన్సు 36,000 వాళ్ళ చేతిలో ఉంది. అద్దె ప్రతి నెలా బ్యాంకు ద్వారానే వేస్తూ, ఏ ఉత్తరమైనా బావమరిదికి కాక అగ్రిమెంటు మీద సంతకం చేసిన యజమానికే రాయండి. అందులో కోపం వద్దు, తేదీలుండాలి: చెమ్మ ఎప్పుడు చూశారు, కాక్ మూసినప్పుడు శబ్దం ఏమైంది, పెన్సిలు గీత ఎక్కడుంది, ప్లగ్గులో కరెంటు వస్తోందన్న మాట, ఫొటోలు, పదిహేను రోజుల గడువు. వాట్సాప్‌లో పంపి, అదే కాగితాన్ని స్పీడ్ పోస్టులోనూ పంపండి. బెంగళూరులో ఉన్న మనిషికి ఇంతవరకు చేరిందంతా బావమరిది నోటి నుంచి విన్నదే. ఫొటోలు చూశాక ఆయన ధోరణి మారడానికి అవకాశం ఉంది.

సొంత ఖర్చుతో చేయించుకోవాలన్న ఆలోచన ఉంటే, యజమాని ఒక్క వాక్యమైనా రాతపూర్వకంగా ఒప్పుకునే వరకు సుత్తి పట్టనీయకండి. అనుమతి లేకుండా పగలగొట్టిన టైలు, ఖాళీ చేసే రోజున మీరు పాడుచేసిన టైలు అవుతుంది. వేడినీళ్ళ లైనే కారుతోందని తేలితే పగలగొట్టకుండా తప్పించుకునే దారి కూడా ఒకటుంది. గోడలోని ఆ లైనుకు రెండువైపులా మూత బిగించి వదిలేసి, గీజరు నుంచి మిక్సర్ వరకు గోడ పైనే కొత్త సీపీవీసీ పైపు వేయించవచ్చు. చూడటానికి అంత బాగుండదు. పాత ఇళ్ళలో పైపులన్నీ గోడ మీద అలాగే కనిపించేవి, కారితే మనిషికి తెలిసేది. అందం కోసం వాటిని గోడలో పూడ్చాకే ఇన్ని పాములు పుట్టాయి. అద్దె ఇంటికి, అందులోనూ ఖర్చు ఎవరిదో తేలని చోట, ఈ పద్ధతి ఇద్దరికీ తక్కువ నష్టం. లోపం గీజరు బిగింపులోనిదని తేలితే మీరే చేయించేయండి, యజమానికి ఆ సంగతి కూడా దాచకుండా రాయండి. కింది ఫ్లాటు పైకప్పు పెచ్చులకు కూడా కొంత ఇవ్వవలసి రావచ్చు, దానికి సిద్ధపడండి. చన్నీళ్ళ లైను గాని, సంకెన్ స్లాబు గాని అయితే ఆ భారం మీరు నెత్తిన వేసుకోకండి. స్లాబు పని అంటే టైల్స్ తీసి, నింపిన చెత్తంతా తోడి, వాటర్‌ప్రూఫింగ్ చేసి, నీళ్ళు నిలబెట్టి పరీక్షించి మళ్ళీ పరచడం. అది ఇంటి విలువను కాపాడే పని, యజమానిదే.

మూడడుగుల టైల్స్ మాటను మాత్రం మర్యాదగా తిరస్కరించండి. నీరు ఆగకుండా గోడను కప్పితే తడి బయటికి రాలేక టైల్స్ దాటి నాలుగో అడుగుకు ఎక్కుతుంది, ఏడాదికి ఆ టైల్స్ కూడా ఊడతాయి. అప్పటికి ఆ ఖర్చు మీ అడ్వాన్సులో ఎప్పుడో కరిగిపోయి ఉంటుంది.

ఖాళీ చేయడం తప్పేమీ కాదు. అత్తగారి ఉబ్బసానికి బూజు గోడ మంచిది కాదు. పడకగది మార్చడం, బీరువాను గోడకు జానెడు దూరం జరపడం, పగటిపూట కిటికీలు తెరవడం తాత్కాలికం మాత్రమే. పదిహేను రోజుల గడువు దాటినా జవాబు రాకపోతే, మేలో అగ్రిమెంటు ముగిసే నాటికి వెళ్ళిపోవడం మంచిదే. అబ్బాయి పరీక్షలు అయిపోతాయి, అత్తగారు పట్టింపుగా చెప్పిన ఆషాఢం కూడా ఇంకా రాదు. కాని పరీక్షలేవీ చేయకుండా, ఉత్తరమేదీ రాయకుండా వెళ్తే, రంగుల పేరుతో ఎలాగూ కోసుకునే నెల అద్దెతో పాటు గోడ పేరుతో రెండో నెలది కూడా పోతుందని అనుకోండి. ఉండిపోయేటట్లయినా, వెళ్ళిపోయేటట్లయినా ఈ కాగితాల పని మీకు తప్పదు.

లైను బాగయ్యాక కూడా గోడ వెంటనే ఆరదు, కొన్ని వారాలు పడుతుంది. పైకి వచ్చిన ఉప్పును పొడి బ్రష్షుతో దులపండి గాని తడిగుడ్డతో తుడవకండి, తుడిస్తే కరిగి మళ్ళీ గోడలోకే వెళ్తుంది. పూర్తిగా ఆరకముందే లప్పం పెట్టి రంగు వేస్తానని ఎవరైనా వస్తే ఆపండి, నెలలోపే బుడగలు లేస్తుంది.

పై ఫ్లాటు పెద్దావిడ దగ్గరకు వెళ్ళే పని గురించి చెప్తానన్నాను. మీ వాడ భవనాల్లో ఒక డక్టులో దిగే లైను మీద వరుసగా అన్ని అంతస్తుల బాత్రూములూ ఆధారపడి ఉంటాయి. మీ ఫ్లాటుకు విడిగా వాల్వు లేకపోతే టెర్రస్ మీద మూయవలసి వస్తుంది, అప్పుడు ఆవిడకూ నీళ్ళు ఆగుతాయి. ప్రెషర్ టెస్టు రోజున కూడా అంతే. ఆవిడను ఒక పూట ముందు బకెట్లు నింపి పెట్టుకోమని చెప్పాలి, మీ రెండో ప్లంబరు మాట తప్పని కూడా చెప్పాలి. వాచ్‌మన్‌తో కబురు పంపకండి, మీరే వెళ్ళండి. వెళ్ళినప్పుడు ఆవిడ ఫ్లష్ ట్యాంకు రాత్రిళ్ళు చప్పుడు చేస్తోందేమో కూడా, అడిగే తీరులో అడిగితే, ఆవిడే చెప్తారు. మీ పరీక్షకు ఆ సమాధానం కూడా కావాలి.

ఇక మీ అబ్బాయి. కాక్ మూసే రాత్రి వాణ్ణి కూడా మేలుకోనిచ్చి, గోడకు చెవి పెట్టించి, మూయకముందు ఒకసారి, మూశాక ఒకసారి వినమనండి. ఆ శబ్దాన్ని మొదట గుర్తుపట్టినవాడు వాడే కాబట్టి, ఆగిందా లేదా అన్నది కూడా వాడికే బాగా తెలుస్తుంది.